తేనెటీగల చలికాలము

కాశ్మీరమున శీతకాలము వచ్చినంతనే నేలయంతయు మంచు కప్పును. ఎచ్చటను పూవు కానరాదు. అట్టితఱి తేనెటీగలు ఎట్లు బ్రదుకును?

చలి సుమారు 14 సెంటిగ్రేడు డిగ్రీలకు దిగినప్పుడు ఈగలన్నియు ఒకదాని నొకటి హత్తుకొని, రాణిని నడుమ నుంచుకొని, బంతివలె గుమిగూడును. ఱెక్కల నాడింపకయే ఱెక్కల కండరములను వణకించి వేడి పుట్టించును. పిల్లపురుగులున్నచో బంతి నడుమ వేడి 35 డిగ్రీలకు దగ్గఱగా నుండును. ఈ వేడికి కట్టెలు తేనెయే. కావున చలికి ముందు తేనెనంతయు పిండుకొనువాడు ఈగల ప్రాణమునే పిండుకొన్నవాడగును.

మఱి మనము పెట్టెకు వేడి నీయవచ్చునా? ఈయవచ్చును, కాని మితము తప్పరాదు. కొన్ని చలిదేశములలో పెట్టె యడుగున విద్యుత్తుతో పనిచేయు చిన్న పలకను అమర్తురు. వేడి మించెనా, ఈగలు వసంతము వచ్చెనని భ్రమపడును. తేనెను త్వరగా తినివేయును. వెలుపలికెగిరి చలికి కొయ్యబాఱి చచ్చును. రాణి అకాలమున గ్రుడ్లు పెట్టును. ఆ పిల్లలకు పుప్పొడి దొరకదు. మేలు కోరి చేసిన పని కీడగును.

హిమాలయ ప్రాంతపు పల్లెలలో కొందఱు ఇంటిగోడలోనే ఈగలకు గూడు కట్టుదురు. ఈగల ద్వారము వెలుపలికిని, మనిషి తీయు తలుపు ఇంటిలోనికిని ఉండును. ఇంటిలోని వెచ్చదనము గూటికిని అందును. పెట్టెలలో పెంచువారు ఎండుగడ్డియు గోనెలును చుట్టి, ద్వారమును చిన్నది చేయుదురు. తేమ పోవుటకు గాలి త్రోవ మాత్రము మూయరు. తడిసిన ఈగ చలికి తాళజాలదు.

బాలలారా! ఈగకు వేడి పుట్టించుట తెలియును. ఆ వేడి వృథాగా పోకుండ కాచుటయే మనము చేయదగిన సాయము.