మీకు తెలుసా? చద్ది సంగటి పెద్దపేగుకు పెట్టే భోజనం

రాత్రి మిగిలిన రాగి సంగటి ముద్దను నీళ్లలో వేసి ఉంచి, పొద్దున్నే చేత్తో పిసికి, మజ్జిగ పోసి, ఉప్పు వేసి, చిన్న ఉల్లిపాయలు కొరుక్కుంటూ తాగుతారు కదా. ఆ తిండిలో కొంత భాగం మనకు అరగదనీ, పెద్దపేగులో కాపురమున్న సూక్ష్మజీవులకే చేరుతుందనీ మీకు తెలుసా?

మదురై, కోయంబత్తూరు చుట్టుపక్కల తెలుగు ఊళ్లకు ఈ తిండి కొత్త కాదు. విజయనగర కాలంలోనూ, 1529లో విశ్వనాథ నాయకుడు మదురైలో పాలన మొదలుపెట్టాకా దక్షిణానికి తరలివెళ్లిన కమ్మవారు, రాజకంబళం వారు చాలామంది వానాధారపు మెట్టనేలల్లో, నల్లరేగళ్లలో స్థిరపడ్డారు. ఆ నేలలు ఇచ్చింది సజ్జలు, జొన్నలు, రాగులు, ఉలవలు. వరి అన్నం పండగలకే. ఆడి మాసం వస్తే అమ్మవారి గుళ్ల దగ్గర ఇప్పటికీ రాగి అంబలి కాచి పోస్తారు, నంజుకోవడానికి చిన్న ఉల్లిపాయలుంటాయి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో, సజ్జల్లో పీచు 11 గ్రాముల పైమాటే. పాలిష్ పట్టిన బియ్యంలో 3 గ్రాములు కూడా ఉండదు. అయితే పీచంతా ఒకటి కాదు. పేగులోని మేలు చేసే సూక్ష్మజీవులు ఏరి తినే రకాన్నే ప్రీబయోటిక్ అంటారు. ఉల్లి, వెల్లుల్లిలో ఉండే ఫ్రక్టాన్లు అలాంటివే. వండి చల్లార్చిన సంగటిలో, అన్నంలో పిండిపదార్థం కొంత మళ్లీ బిగిసిపోయి చిన్నపేగులో అరగకుండా తప్పించుకుంటుంది. అదీ కిందికి చేరి సూక్ష్మజీవుల మేత అవుతుంది.

అవి దాన్ని పులియబెట్టి బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి పొరలోని కణాలకు ప్రధాన ఇంధనం అదే. వాపును అదుపులో పెడుతుంది. దారితప్పిన కణాలు తమంతట తాము చనిపోయేలా చేస్తుందని ప్రయోగశాలల్లో తేలింది. పెద్దపేగు క్యాన్సర్‌కు పీచు అడ్డుపడవచ్చన్న ఆశకు మూలం ఇక్కడుంది.

మనుషుల్లో చూస్తే? 2015లో ఒక ముచ్చటైన ప్రయోగం ఫలితాలు వచ్చాయి. అమెరికాలోని 20 మంది నల్లజాతివారికి దక్షిణాఫ్రికా పల్లెల పీచు తిండి, ఆ పల్లెల్లోని 20 మందికి అమెరికా మాంసం, కొవ్వు తిండి రెండు వారాలపాటు పెట్టారు. పీచు తిన్నవారి పేగులో బ్యుటిరేట్ పెరిగింది, వాపు గుర్తులు తగ్గాయి. రెండోవైపు సరిగ్గా దీనికి వ్యతిరేకంగా జరిగింది. రెండంటే రెండు వారాల్లో! నాకు ఇది ఎప్పటికీ ఆశ్చర్యమే.

ఇంకో ఫలితాన్ని దాచకుండా చెప్పాలి. లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య లోపంవల్ల పెద్దపేగు క్యాన్సర్ ముప్పు ఎక్కువగా ఉన్న 900 మందికి పైగా జనంలో కొందరికి సగటున రెండేళ్లు రోజూ 30 గ్రాముల అరగని పిండిపదార్థం ఇచ్చి, ఏళ్ల తరబడి గమనించారు. 2022లో వెల్లడైన ఫలితం ప్రకారం పెద్దపేగు క్యాన్సర్లు తగ్గలేదు. కానీ ఇతర క్యాన్సర్లు, ముఖ్యంగా జీర్ణాశయం, క్లోమం వంటి పైభాగపువి, దాదాపు సగానికి తగ్గాయి. కాబట్టి పొడి రూపంలో పీచు మింగితే చాలనుకోవడం తొందరపాటు. జనాభా అధ్యయనాల్లో మాత్రం ముడిధాన్యాలు, పీచు ఎక్కువగా తినేవారిలో పెద్దపేగు క్యాన్సర్ తక్కువగానే కనబడుతోంది.

సంగటి స్థానంలోకి రేషన్ బియ్యం వచ్చి చాలా కాలమైంది. 2011 నుంచి తమిళనాడులో అవి ఉచితం. ఆకలి తీరింది, మంచిదే, పీచు మాత్రం పళ్లెంలోంచి జారిపోయింది. 2023లో నీలగిరి, ధర్మపురి జిల్లాల్లో కార్డుకు 2 కిలోల బియ్యం బదులు 2 కిలోల రాగులు ఇవ్వడం మొదలైంది. తెలుగు ఇళ్లవాళ్లు ఈ కబురును శ్రద్ధగా వినాలి.

సంగటి కొత్తగా తినేవారు రోజుకో పూటతో మొదలుపెట్టండి. ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది. నీళ్లు బాగా తాగాలి. ఉల్లి పడని పేగు కొందరిది, వాళ్లు దాన్ని తగ్గించుకోవచ్చు. మలంలో రక్తం కనబడితే మాత్రం మొలలేలే అని సంగటి మీద భారం వేయకుండా వెంటనే డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకోవాలి.