మిర్చి ఎండుదలపై లాం క్షేత్రానికి వర్తకుల ప్రతిపాదన అవసరం

గుంటూరు యార్డులో టిక్కీ విప్పగానే కొనుగోలుదారు చూసేది రంగు, ఎండుదల. తాలు, మచ్చకాయ కంటికి కనిపిస్తాయి, ఏరివేయవచ్చు. బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ విషం మాత్రం పరీక్షలో తప్ప తేలదు. సరుకు విదేశీ రేవు నుంచి తిరిగి వస్తే నష్టం ఎగుమతిదారుతో ఆగదు; కమిషన్ వ్యాపారికి, చివరకు రైతుకు కూడా తగులుతుంది.

యూరప్ ఉమ్మడి మార్కెట్ దేశాలు ఎండుమిర్చిలో ఈ విషం మొత్తం కిలోకు 10 మైక్రోగ్రాములు మించితే అంగీకరించవు. అంటే 100 టన్నుల సరుకుకు 1 గ్రాము. మన దేశంలో సుగంధ ద్రవ్యాలకు పరిమితి 30 మైక్రోగ్రాములు. కనుక ఇక్కడ చెల్లిన సరుకు అక్కడ చెల్లకపోవచ్చు.

బూజుకు మూలం తేమ. వట్టి నేలపై ఆరబోత, రాత్రి మంచు, అకాల వర్షం ఇందుకు కారణాలు. కాయ విరగకుండా, తూకం తగ్గకుండా నీళ్లు చల్లే అలవాటు మరొకటి. తేమ 10-11 శాతానికి దిగిన సరుకు నిలవకు పనికివస్తుంది.

లాం సేవలు

ఈ సమస్యకు పరిష్కారం వెదకడానికి తగిన చోటు యార్డుకు దగ్గరలోనే ఉంది. లాం పరిశోధన క్షేత్రం 1922లో ప్రారంభమైంది. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత దాని అధీనంలోకి వచ్చింది. 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం ఏర్పడడంతో అక్కడి మిర్చి పరిశోధన ఆ విశ్వవిద్యాలయానికి మారింది. జి-4, 334 వంటి రకాలు లాం ఇచ్చినవే.

పరిశోధన అంశాలను చర్చించే ప్రాంతీయ సలహా మండలి సమావేశాలలో శాస్త్రజ్ఞులు, శాఖాధికారులు, రైతులు పాల్గొంటారు. వర్తక సంఘాలు కూడా తమ సమస్యను అక్కడికి లిఖితపూర్వకంగా పంపడం మంచిది. అయితే "నాణ్యమైన సరుకు కావాలి" అంటే అది కోరికే అవుతుంది. ప్రతిపాదనలో తేల్చవలసిన ప్రశ్న ఉండాలి.

ఉదాహరణకు, ఒకే రకం కాయను నేలపై, పట్టాపై, సిమెంటు కల్లంపై, సౌర ఆరబెట్టు గదిలో విడివిడిగా ఎండబెట్టాలి. కల్లంలోను, యార్డులోను, శీతల గిడ్డంగిలో 6 నెలల తరువాత నమూనాలు తీసి తేమ, రంగు, విషం పరీక్షించాలి. క్వింటాలుకు అయిన ఖర్చు కూడా రాయాలి. గుర్తు వేసిన టిక్కీలకు గిడ్డంగిలో చోటు, అమ్మకం ధర వివరాలు వర్తకులు సమకూర్చవచ్చు. ఫలితం తేలిన పద్ధతిని ఒక గ్రామంలో ఉమ్మడి కల్లం కట్టి, రైతు సంఘానికి తేమ కొలిచే యంత్రం ఇచ్చి ఆచరణలో చూడాలి.

తూకం లెక్క

ఇక్కడ ఒక చిక్కు ఉంది. 14 శాతం తేమగల 100 కిలోల మిర్చిని 10 శాతానికి ఎండబెడితే మిగిలేది సుమారు 95 కిలోల 560 గ్రాములు. క్వింటాలు ధర రూ. 10,000 అనుకుంటే, బాగా ఎండిన సరుకుకు రూ. 10,465 పలికితేనే రైతుకు తూకం నష్టం పూడుతుంది. ఎండబెట్టిన కూలి దానికి అదనం. ఆ తేడా దక్కనప్పుడు ఏ కల్లం కట్టినా తడికాయే యార్డుకు వస్తుంది.

కనుక తేమనుబట్టి ధర ఇచ్చే పద్ధతి కూడా ఆ ప్రతిపాదనలో భాగం కావాలి. ఆ హామీ ఇవ్వగలిగేది వర్తకులే. కొత్త పంట కల్లాలకు చేరకముందే ఈ విషయమై సంఘాలు ఒక నిర్ణయానికి రావడం అవసరం.