లోతు నీటి గాలమునకు రబ్బరు ఎరలు: ఎంచుకొనుట, కట్టుకొనుట

కోటబొమ్మాళి బజారులో కోనెం ముక్కకు బేరమాడువారు చేప కన్నును, మొప్పను చూతురు గాని, అది వలలో పడినదా, గాలమునకు పడినదా అని అడుగరు. అడుగకున్నను ఆ తేడాకే వారు వెల ఇచ్చుచున్నారు. వలలో చిక్కి చచ్చి, ఒరిసిపోయి, గంటల తరువాత పైకి వచ్చిన చేప వేరు. గాలమున ప్రాణముతో లేచి వెంటనే మంచుగడ్డలలో చేరిన చేప వేరు. ఈ రెండవ విధపు చేపను పట్టుటకు తోడ్పడు ఒక చిన్న సాధనమును గూర్చి ఇచ్చట వ్రాయుచున్నాము. అది రబ్బరువలె మెత్తగా నుండు కృత్రిమపు ఎర.

వంశధార కాలువ నీటితో వరి పండించువారికి గాలముల సంగతి ఎందుకని కొందరనుకొనవచ్చును. కోటబొమ్మాళి నుండి టెక్కలి మీదుగా భావనపాడు రేవు చేరుటకు గంట చాలును. మన జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల తీరము కలదు. ఇంత తీరముండియు ఇచ్చటి జాలరి కుటుంబములలోని మగవారు అనేకులు గుజరాతులోని వేరావల్ రేవునకు కూలికి పోవుచున్నారు. 2018 నవంబరులో అరేబియా సముద్రమున వేటాడుచు పాకిస్తాను వారికి చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారులలో 20 మంది 2020 జనవరిలో గాని వాఘా సరిహద్దు దాటి రాలేదు. సొంత ఊరి నీటిలో వేట గిట్టుబాటైనచో ఇట్టి వలసలు కొంతయైనను తగ్గునని మా అభిప్రాయము. గ్రామోద్యోగులు ఈ వ్యాసమును తీర గ్రామములలో చదివి వినిపించినచో మేలు.

మన తీరమున సముద్రపు మెట్ట ఇరుకైనది. ఒడ్డు విడిచిన కొన్ని పదుల కిలోమీటర్లకే అడుగు జారి లోతు నీరు వచ్చును. అందుచే సూర, కోనెం, పార, కొమ్ముకోనెం వంటి పెద్ద చేపలు చిన్న ఫైబరు పడవలకును అందుబాటులో నున్నవి. గాలపు వేటకు ఇంధనము, మంచు, ఎర అను మూడే ముఖ్యమైన ఖర్చులు. వీనిలో ఎరయే నమ్మరానిది. కవ్వళ్ళు, కానాగంతలు దొరకిన దినమున వేట సాగును. దొరకని దినమున పడవ ఒడ్డుననే యుండును, లేక ముక్కిన ఎరతో పోయి వట్టి చేతులతో తిరిగివచ్చును. రబ్బరు ఎర పెట్టెలో పడియుండును. చెడదు, వాసన రాదు, ఒక చేప పట్టిన తరువాత మరల నీటిలో వేయవచ్చును.

ఇది క్రొత్త వింత కాదు. 1949లో అమెరికాలోని ఏక్రన్ పట్టణమున నిక్ క్రీమ్ అను నతడు మెత్తని ప్లాస్టిక్కుతో వానపాము ఆకారపు ఎరను పోతపోసెను. నార్వే దేశపు జాలరులు కాడ్ చేపకొరకు గాలపు కాడకు ఎర్రని రబ్బరు గొట్టమును తొడిగి వాడుచున్నారు. మన దేశములోనే మినికాయ్ ద్వీపవాసులు ప్రాణమున్న చిన్న చేపలను చల్లి సూరలను దగ్గరకు రప్పించి, ముల్లు లేని మెరుగు గాలములతో పట్టుదురు. ఆ గాలమునకు ఎరయే యుండదు. ఆకలిమీదనున్న చేప మెరుపును, కదలికను చూచి మోసపోవును. కిటుకంతయు ఇదియే.

దీనినుండియే దీని హద్దును గ్రహింపవలెను. రబ్బరు ఎర కంటితో చూచి వేటాడు చేపలకు మాత్రమే పనికివచ్చును. వాసన పట్టి వచ్చు సొర, జెల్ల వంటివి దీనిని లెక్కచేయవు. మంచి తాజా ఎర చేతిలో నున్నప్పుడు దానిని మాని రబ్బరును వాడుడని మేము చెప్పుట లేదు.

ఎర కొనునప్పుడు అంగడివాని మాట వినక చేప కడుపును అడుగుడు. ఆ దినము పడిన మొదటి చేపను కోసి చూచినచో అది ఏమి తినుచున్నదో తెలియును. వ్రేలెడు కవ్వళ్ళు కనిపించిన వ్రేలెడు ఎర. స్క్విడ్ కనిపించిన కుచ్చుల ఎర. పెద్ద చేపకు పెద్ద ఎర యను లెక్క అన్నివేళల నిజము కాదు.

తోకలలో ముఖ్యముగా రెండు రకములు కలవు. తెడ్డువలె వెడల్పైన తోక లాగినప్పుడు అటునిటు కొట్టుకొనును. లోతునుండి లేపుటకును, దింపుటకును ఇది అనుకూలము. కొడవలివలె వంగిన పలుచని తోక మెల్లని కదలికకే ఆడును గాని, పండ్లు గల చేపలు దానిని ఒక్క కాటుకు త్రెంచును. కోనెం తిరుగు చోట మొదటిదే మేలు.

రంగు విషయమున జనులకు భ్రమలు మెండు. ఎరుపు రంగు పది మీటర్లు దిగులోపలనే చాలవరకు మాయమై నల్లగా కనబడును. ఇంకను లోతునకు పోయిన కొలది నీలము, పచ్చ మాత్రమే మిగులును. కాబట్టి 60 మీటర్ల అడుగున ఎర ఎర్రగా నున్నదా, పసుపుగా నున్నదా అని చింతింపనక్కరలేదు. తెల్లనిదా నల్లనిదా అనునదే లెక్క. తేట నీటిలో వెండి, నీలి రంగులు, వంశధార వరద కలిసిన మురికి నీటిలో తెలుపుగాని నల్లగాని రంగు వాడుడు. చీకటిలో మెరయు పచ్చని రకము లోతునకు మంచిది. దింపుటకు ముందు దానికి టార్చిలైటు చూపవలెను.

ఇక కట్టుట. పని చెడునది ఎక్కువగా ఇచ్చటనే. గాలపు మెడకు సీసము పోసిన తల యుండును. 60 మీటర్ల లోతున ప్రవాహము తక్కువైన 100 నుండి 150 గ్రాముల తల చాలును. ప్రవాహము హెచ్చిన 200 నుండి 300 గ్రాములు కావలెను. పరీక్ష సులభము. దారము నిలువుగా దిగుచున్నచో బరువు సరిపోయినది. మూలవాటుకన్న ఎక్కువ ఏటవాలుగా పోవుచున్నచో ఎర అడుగునకు చేరుట లేదు, బరువు పెంచుడు.

గాలమును రబ్బరులో గ్రుచ్చుటకు ముందు దాని ప్రక్కన పెట్టి కొలువుడు. సీసపు తల ఎర మూతికి ఆనించినప్పుడు గాలపు వంపు ఎచ్చటికి వచ్చునో అచ్చట వీపుమీద గోటితో గుర్తు పెట్టుడు. మొనను మూతికి సరిగా నడుమ దించి, నడి శరీరము వెంట నడిపి, గుర్తువద్ద వీపు నడిమి గీతమీద పైకి తీయవలెను. తీసిన పిమ్మట పైనుండి చూడుడు. ఎర అరటి కాయవలె వంగినను, ముడుతలు పడినను విప్పి మరల గ్రుచ్చవలెను. వంకరగా నున్న ఎర నీటిలో బొంగరమువలె తిరిగి దారమునకు మెలిపెట్టును. చేప దూరముగా తొలగును. ఇట్టి ఎరకన్న వట్టి గాలమే నయము. సరిగా కుదిరిన పిమ్మట సీసపు మెడవద్ద ఒక చుక్క ఫెవిక్విక్ వంటి జిగురు వేసిన ఎర జారదు.

చేప తోక కొరికి పోవుచున్నచో, మొదటి గాలపు కంటికి గట్టి దారపు ముక్కతో రెండవ గాలమును కట్టి తోకదాపున గ్రుచ్చుడు. అది ఎరను బిగలాగరాదు. దారము కొంచెము వదులుగా నుండవలెను.

పెద్ద దారమునకును ఎరకును నడుమ తిరుగుడు కొలికి, దాని క్రింద ఒకటి రెండు మీటర్ల సన్నని తేట నైలాను దారము ఉండవలెను. ఎరవద్ద ముడిని బిగించివేయక చిన్న ఉచ్చు వదలినచో ఎర స్వేచ్ఛగా ఆడును. నైలాను ముడిని ఉమ్మితోగాని నీటితోగాని తడిపి బిగింపుడు. పొడిగా బిగించిన రాపిడి వేడికి బలము తగ్గును. కోనెం పండ్లు నైలానును కోయును గనుక దానికి జానెడు ఉక్కు తీగ తప్పదు. సూర తీగను చూచి బెదరును. రెండింటికి ఒకే కట్టు పనికిరాదు.

ఎరను అడుగు తాకనిచ్చి రెండు మీటర్లు లేపి, మూరెడు మెల్లగా ఎత్తి మరల దిగనిండు. దిగునప్పుడు దారమును పూర్తిగా వదలక చేతికి తెలియునట్లు ఉంచుడు. చేప ఎక్కువగా దిగుచున్న ఎరనే పట్టును. దారమునకు ప్రతి 10 మీటర్లకు రంగు నూలు కట్టుకొనినచో చేప ఏ లోతున పట్టినదో తెలిసి, తక్కినవారు కూడ తమ ఎరలను అచ్చటనే నిలుపవచ్చును. దారమును ఎట్టి స్థితిలోను చేతికి చుట్టుకొనరాదు. పెద్ద సూర ఒక్క గుంజుకు వ్రేళ్ళు తెగును, మనిషి నీటిలో పడును.

పడవ నడుచుచుండగా లాగుటకు కుచ్చుల స్క్విడ్ బొమ్మను వాడుడు. గాలపు వంపు కుచ్చుల చివరకు వచ్చునట్లు లోపల పూసలు గ్రుచ్చి సరిచేయవలెను. గంటకు 9 నుండి 13 కిలోమీటర్ల వేగము చాలును.

ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధము గదా. ఆ రెండు మాసములలో ఎరలు కట్టుకొని, ఊరి చెరువులో మూరెడు దారముతో లాగి చూడుడు. తిన్నగా ఈదని దానిని అప్పుడే సరిచేయవచ్చును. వేరువేరు రంగుల ఎరలను కలిపి ఉంచిన ఒకదాని రంగు మరొకదానికి అంటును. కొన్ని గట్టి ప్లాస్టిక్కు డబ్బాలను ఎరలోని నూనె కరిగించును. కొన్న సంచిలోనే వేరువేరుగా ఉంచుట మంచిది.

క్రొత్త వంగడమును పొలమంతట చల్లక ఒక మడిలో వేసి చూచుట రైతుకు తెలిసినదే. పడవలోను అట్లే చేయుడు. సగము గాలములకు తాజా ఎర, సగమునకు రబ్బరు ఎర; ఒకే చోటు, ఒకే లోతు. పది వేటలకు ఏ ఎరకు ఏ చేప ఎంత పడినది, ఎన్ని ఎరలు తెగినవి, వాని వెల ఎంత అని నోటు పుస్తకములో వ్రాసి మత్స్యశాఖ సహాయకునికి చూపుడు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహముల సాయమున చేపలుండదగు చోట్లను తెలుపుచున్నది. ఆ సూచన అందిన దినమున ఈ పరీక్ష చేసిన ఇంధనము వృథాకాదు. తెగిన రబ్బరు ముక్కలను సముద్రములో వేయక డబ్బాలో వేసి ఒడ్డునకు తెండు. అవి నీటిలో కుళ్ళవు, చేప కడుపులో చేరును. తాబేలు చిక్కినచో దారమును గాలము దాపున కోసి విడువుడు, దానిని పట్టుట చట్టరీత్యా నేరము.