రాజవస్త్రం మీద అరబ్బీ అక్షరాలు

సంస్కృతుల మధ్య ఆదానప్రదానాలు జరిగాయని మన సాహిత్య విమర్శలో తరచుగా చదువుతుంటాం. ఆ మాట వినగానే ఎవరిచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు, ఏ పరిస్థితుల్లో అని అడగవలసి ఉంటుందని నా అభిప్రాయం. ఇందుకు ఒక వస్త్రాన్నే ఉదాహరణగా తీసుకుంటాను.

వియన్నాలోని రాజఖజానా ప్రదర్శనశాలలో ఒక ఎర్రపట్టు పైవస్త్రం ఉంది. అర్ధవృత్తాకారంలో, సుమారు మూడున్నర మీటర్ల వెడల్పుతో ఉంటుంది. సిసిలీ నార్మన్ రాజు రెండవ రోజర్ కోసం పలెర్మోలో తయారైంది. నడుమ ఖర్జూరపు చెట్టు, దానికి ఇరువైపులా ఒంటెను కూలదోసి పైకెక్కిన సింహం. అంతా జరీ, ముత్యాల పని. వంపు అంచు పొడుగునా కూఫీ లిపిలో అరబ్బీ శాసనం. ఇది రాజు కార్ఖానాలో తయారైందని చెప్పి, అంత్యప్రాసల గద్యంలో శుభాలు పలికి, హిజ్రీ 528, అంటే క్రీ.శ. 1133-34 అని కాలం చెబుతుందది.

రోజర్ క్రైస్తవుడు. అతని వంశం వారు 1072లో పలెర్మోను, 1091 నాటికి దీవినంతటినీ ముస్లిం పాలకుల నుంచి గెలుచుకున్నారు. మరి అరబ్బీ ఎందుకు? ఖలీఫాల కొలువుల్లో అక్షరాల పట్టీ ఉన్న వస్త్రం అధికార చిహ్నం. ఆ పట్టీనీ, దాన్ని తయారుచేసే కార్ఖానానూ కూడా తిరాజ్ అనేవారు. 1130లో కిరీటం పెట్టుకున్న కొత్త రాజుకు మధ్యధరా ప్రాంతమంతా గుర్తించే హోదా కావాలి. ఆ పని తెలిసిన చేతులు పలెర్మోలోనే ఉన్నాయి. ఒంటె మీది సింహాన్ని అరబ్బుల మీద నార్మన్ల విజయంగా చదివిన పండితులున్నారు. అదే నిజమైతే, ఓడినవారి లిపే వారి ఓటమి బొమ్మకు దీవెన పలికిందన్నమాట.

రాజుల ఈ అవసరం మనకు కొత్తది కాదు. విజయనగర ప్రభువులు కబాయి, కుళ్లాయి ధరించారు. 'హిందూరాయ సురత్రాణ' అని బిరుదు పెట్టుకున్నారు. కబాయి అరబ్బీ 'ఖబా' నుంచి వచ్చింది, సురత్రాణుడంటే సుల్తానే. పొరుగు రాజ్యాలు గుర్తించే హోదా ముందు మతభేదం అడ్డు రాలేదు.

అయితే దీన్ని సామరస్యమని మురిసిపోయే ముందు సిసిలీలో తర్వాత జరిగింది చూడాలి. రోజర్ మనుమడు, చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్, 1220ల నుంచి సిసిలీ ముస్లింలను దక్షిణ ఇటలీలోని లుచేరాకు తరలించాడు. 1300లో ఆ స్థావరాన్నీ నాశనం చేసి, అనేకులను బానిసలుగా అమ్మేశారు. వస్త్రం మాత్రం పవిత్ర రోమన్ చక్రవర్తుల పట్టాభిషేక వస్త్రమై 18వ శతాబ్దం దాకా వాడుకలో ఉంది. అక్షరాన్ని భద్రంగా దాచుకున్నారు, ఆ అక్షరం చదవగల మనుషులను వెళ్లగొట్టారు.

అంచు శాసనం కార్ఖానాను పొగిడింది గాని, సూది పట్టినవారి పేర్లు చెప్పలేదు. మన భాషలోకి వచ్చిన అన్యదేశ్యాలకు పట్టిక రాసి, సంస్కృతీ సమ్మేళనమని పేరు పెట్టి ఊరుకుంటే మన విమర్శ కూడా ఆ శాసనం చేసిన పనే చేస్తుంది. ఆ మాటలను మోసుకొచ్చిన నేతగాళ్లు, సిపాయిలు, వర్తకులు ఏమయ్యారో కూడా సాహిత్య విద్యార్థి అడగాలి.