భాగములో భాగము

ఏడవ తరగతికి వచ్చునంతవరకు బాలుని అనుభవములో గుణకారమనగా వృద్ధియే; నాలుగును మూడుతో హెచ్చించిన పండ్రెండగును, పండ్రెండును పదితో హెచ్చించిన నూటయిరువది యగును, సున్నతో హెచ్చించినప్పుడు తప్ప లబ్ధము గుణ్యముకంటె తగ్గుట వాడెన్నడును చూచి యెరుగడు. అట్టివానికి ఒకనాడు 6ను 1/2 తో హెచ్చింపుమని చెప్పి, ఫలము 3 అని నల్లబల్లపై వ్రాసినచో వాడు విస్మితుడగుటలో వింత లేదు. ఆ విస్మయమును మందబుద్ధి లక్షణముగా నెంచక, దానికి సమాధానము చెప్పిన పిదపనే సూత్రమునకు పోవుట ఉపాధ్యాయధర్మమని నా దృఢవిశ్వాసము.

సమాధానము కష్టమైనది కాదు. ఆరింటిని మూడుమారులు గ్రహించుట మూడుతో హెచ్చించుట యైనయెడల, ఆరింటిలో సగమును మాత్రమే గ్రహించుట సగముతో హెచ్చించుట యగును. గుణకము ఒకటికి మించినప్పుడు లబ్ధము పెరుగును, ఒకటికి లోబడినప్పుడు తగ్గును.

ఇక భిన్నమును భిన్నముతో హెచ్చించుట. చతురస్రాకారమున నున్న ఒక యెకరము పొలములో రైతు 3/4 భాగమును సాగునకు తెచ్చి, సాగునకు వచ్చినదానిలో 2/3 భాగమున వరి నాటెననుకొందము. చతురస్రమును కాగితముపై గీచి, నిలువుగా నాలుగు సమభాగములుగా విభజించి మూడు పట్టీలకు రంగు పూసి, పిదప దానినే అడ్డముగా మూడు సమభాగములు చేసి రెండింటిపై గీతలు గీచినచో, మొత్తము గడులు పండ్రెండు, రంగును గీతలును రెండును పడిన గడులు ఆరు. కావున వరి పొలము 6/12, అనగా అర యెకరము. సెంట్లలో లెక్కించువారికి ఇది 75 సెంట్లలో 50, గుంటలలో లెక్కించు తెలంగాణమువారికి 30 గుంటలలో 20. నాలుగు పట్టీలలో ప్రతిదియు మూడేసి గడులైనది గనుక హారములు హెచ్చింపబడినవి. గ్రహించిన మూడు పట్టీలలో రెండేసి గడులు వరికి చెందినవి గనుక లవములు హెచ్చింపబడినవి. సంకలనమున సమహారము తప్పనిసరి కాగా ఇక్కడ అదేల అక్కరలేదో కూడ ఈ పటమే చెప్పును: అక్కడ వేర్వేరు భాగములను చేర్చి లెక్కించుటకు ముక్కలు ఒకే పరిమాణమున నుండవలెను; ఇక్కడనో, ఒక భాగమునే మరల ఖండించుచున్నాము.

బ్రహ్మగుప్తుడు 628లో రచించిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమునందే లవములను లవములతోను, హారములను హారములతోను హెచ్చించు ఈ నియమము గలదు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనిగించుటచే ఇట్టి గణితము తెలుగు పద్యములలోనికి దిగివచ్చినది. భాస్కరాచార్యుడు 1150 నాటి లీలావతిలో మరింత రమ్యమైన సమస్యను కూర్చెను: ఒక లోభి యాచకునకు ద్రమ్మమను నాణెములో 1/2 భాగమునకు 2/3, దానిలో 3/4, దానిలో 1/5, దానిలో 1/16, దానిలో 1/4 వంతు దానము చేసెనట! లవముల లబ్ధము 6, హారముల లబ్ధము 7680, అనగా 1/1280. పై 2ను క్రింది 2తోను, పై 3ను క్రింది 3తోను ముందే కొట్టివేసినవానికి 4, 5, 16, 4 మాత్రమే మిగులును. పెద్ద సంఖ్య జోలికే పోనక్కరలేదు. ద్రమ్మమునకు 16 పణములు, పణమునకు 4 కాకిణులు, కాకిణికి 20 గవ్వలు కావున, యాచకునకు దక్కినది ఒకే ఒక గవ్వ.

మిశ్రమ భిన్నములయొద్ద మాత్రము విద్యార్థులు తరచుగా తొట్రుపడుదురు. పొడవు 2½ గజములు, వెడల్పు 1½ గజములు గల చాప వైశాల్యమెంతయని యడిగినచో, రెండును ఒకటియు హెచ్చించి రెండనియు, సగమును సగమును హెచ్చించి పావనియు, వెరసి రెండుంబావనియు చెప్పువారే పెక్కుమంది. చాపను గీచి చూపుడు: అందులో ముక్కలు రెండు కావు, నాలుగు. ఒకటి రెండు చదరపు గజములు, ఒకటి ఒక చదరపు గజము, ఒకటి అర, ఒకటి పావు; మొత్తము 3¾. బాలుడు విడిచినవి నడిమి రెండు ముక్కలు. పొడవు వెడల్పులను 5/2, 3/2 అను అపక్రమ భిన్నములుగా మార్చి హెచ్చించినచో 15/4 వచ్చును. పూర్ణాంకమును భిన్నమును అందులో ముందే కలిసిపోయియుండుటచే, ఏ ముక్కయు లెక్కనుండి జారిపోదు.