భూమి కోసం రెండు వేల మైళ్లు

ఎడ్లబండి కట్టుకుని రెండు వేల మైళ్లు! మాటలు కాదు. 1840ల నుంచి అమెరికాలో వేలాది రైతు కుటుంబాలు ఆ పని చేశాయి. మిస్సోరి రాష్ట్రంలో ఇండిపెండెన్స్ పట్నం దగ్గర బయల్దేరి, పడమటి తీరాన ఆరెగాన్‌లోని విల్లామెట్ లోయ చేరుకున్నాయి.

ఎందుకు కదిలారు? 1837లో ఆర్థిక సంక్షోభం వచ్చింది. బ్యాంకులు కూలాయి, పంటల ధరలు పడిపోయాయి, రైతుకు అప్పులు మిగిలాయి. పడమట బంగారంలాంటి నేల ఉందన్న కబురు ఊరూరా పాకింది. 1843 ఒక్క ఏడాదే సుమారు వెయ్యిమంది దారి పట్టారు.

బండి నిండా పిండి, ఉప్పుమాంసం, పనిముట్లు. ఇక మనుషులెక్కడ కూర్చుంటారు? ఆడా మగా, పిల్లా జెల్లా చాలావరకు నడిచే పోయారు. రోజుకు పదిహేను మైళ్లు, ఐదారు నెలలు! పచ్చగడ్డి మొలిచాక బయల్దేరాలి, మంచు పడకముందే కొండలు దాటాలి. చెట్టూ చేమా లేని మైదానాల్లో వంటచెరుకేది? ఆడవాళ్లు, పిల్లలు అడవిదున్నల ఎండుపేడ ఏరి పొయ్యి వెలిగించారు. సినిమాల్లో చూపినట్లు ఆదివాసుల బాణాలకు చచ్చినవాళ్లు తక్కువే. కలరాకు, నదుల్లో మునిగి, బండిచక్రాల కింద పడి పోయినవాళ్లే ఎక్కువ.

చివరి కొండ దగ్గరా దోపిడీ తప్పలేదు. 1846లో బార్లో అనే ఆసామి అక్కడ బాట వేయించి, బండికి ఐదు డాలర్ల సుంకం పెట్టాడు.

ఒక మాట గమనించాలి. బండి, ఎడ్లు, తిండిగింజలు కొనాలంటే వందల డాలర్లు కావాలి. చేతిలో చిల్లిగవ్వ లేని కూలీకి ఆ దారి అందలేదు. పోయినా, తిండికోసం ఇంకొకరి పశువులు తోలుకుంటూ పోవాల్సిందే.

మరి ఆ నేల ఎవరిది? కలపూయా ఆదివాసులది. 1830ల జ్వరాలు వాళ్లలో ఎక్కువమందిని మింగేశాయి. మిగిలినవాళ్లతో భూమి ఒప్పందం కుదరకముందే, 1850లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి పంచేసింది. అప్పటికే చేరిన తెల్లజాతి ఒంటరి మగవాడికి 320 ఎకరాలు, పెళ్లయిన జంటకు 640. కలపూయాలను 1856లో గ్రాండ్ రోండ్ రిజర్వేషన్‌కు తోలేశారు.

నల్లవాళ్లకూ చోటు లేదు. జార్జ్ బుష్ అనే నల్లజాతి రైతు 1844లో అందరితోపాటే ఆ దారి నడిచాడు. నల్లవాళ్లు ఆరెగాన్‌లో ఉండరాదని అదే ఏడు అక్కడ చట్టం చేశారు. ఆయన కొలంబియా నది దాటి ఉత్తరాన సాగు మొదలుపెట్టాడు. సాగుచేసిన 640 ఎకరాలపై హక్కు కోసం 1855లో అమెరికా కాంగ్రెస్ ప్రత్యేక చట్టం చేయాల్సి వచ్చింది!

నడిచిన రైతు కాళ్లకెక్కిన బొబ్బలు అబద్ధం కాదు. అతని భూమి ఆకలీ అబద్ధం కాదు. కానీ అతన్ని అప్పులపాలు చేసిన వ్యవస్థ తన సొత్తులోంచి సెంటు భూమి ఇవ్వలేదు. తనకంటే బలహీనుడి నేల లాక్కుని అతనికి చూపించింది. పేదవాడికి భూమి ఇస్తామని ఎవరన్నా అంటే, ముందు అడగాల్సిందొక్కటే: ఎవరి భూమి?