బ్యాటరీలు – రకాలు, గుణదోషాలు

కుండలో నీటివలె బ్యాటరీలో విద్యుత్తు నిలువ ఉంటుందని చాలామంది తలుస్తారు. నిజానికి అందులో నిలువ ఉండేది రసాయన శక్తి. తీగతో వలయం పూర్తి అయినప్పుడు ఆ శక్తి విద్యుచ్ఛక్తిగా మారుతుంది. 1800లో ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు వోల్టా, రెండు వేర్వేరు లోహాల బిళ్ళల నడుమ ఉప్పునీటిలో తడిపిన ముక్కలను పేర్చి ఈ మార్గాన్ని లోకానికి చూపినాడు. శాస్త్ర పరిభాషలో ఒక్కొక్క విభాగం ఘటం. కొన్ని ఘటాల కూర్పు బ్యాటరీ.

ఘటాలు రెండు తెగలు. ఒకసారి వాడి వదలవలసినవి ప్రాథమిక ఘటాలు. తిరిగి ఛార్జి చేయదగినవి గౌణ ఘటాలు. టార్చిలైటులో, గోడగడియారంలో వేసే సెల్లు మొదటి తెగది. 1866లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లెక్లాంషే రూపొందించిన ఘటం దీనికి మూలం. సాధారణమైన సెల్లులో జింకు డబ్బా ఋణధ్రువం. నడుమ బొగ్గు కడ్డీ, దాని చుట్టూ మాంగనీస్ డయాక్సైడ్ కలిసి ధనధ్రువం. దీని బలం 1.5 వోల్టులు.

కారు బ్యాటరీ రెండవ తెగది. దీనిని 1859లో ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. సజల సల్ఫ్యూరికామ్లంలో సీసపు పలకలు, సీసపు డయాక్సైడ్ పలకలు మునిగి ఉంటాయి. ఒక్కొక్క ఘటం సుమారు 2 వోల్టులు. అట్టివి ఆరు కలిస్తే 12 వోల్టులు. తిరుపతి సమీపాన కరకంబాడిలో అమరరాజా సంస్థ తయారుచేసేవి ఈ జాతివే.

ఎనిమిది టార్చి సెల్లులను వరుసగా కలిపినా 12 వోల్టులే కదా, వాటితో కారు ఎందుకు కదలదని విద్యార్థులు అడుగవచ్చు. ఇంజనును తిప్పే స్టార్టరు మోటారుకు నూరు ఆంపియర్లకు పైబడిన ప్రవాహం కావాలి. టార్చి సెల్లు అంతర్నిరోధం ఎక్కువ గనుక అంత ప్రవాహాన్ని ఈయజాలదు. ఎంత ఎత్తున తొట్టి కట్టినా, గొట్టం సన్ననిదైతే ధార సన్నగానే వస్తుంది గదా! విశాలమైన సీసపు పలకలు గల బ్యాటరీకి అంతర్నిరోధం అత్యల్పం.

సెల్‌ఫోనులో, విద్యుత్ వాహనాలలో ఉన్నది లిథియం అయాన్ బ్యాటరీ. 1991లో జపాను సోనీ సంస్థ దీనిని విపణిలోకి తెచ్చింది. లోహాలలో లిథియం అత్యంత తేలిక. ఒక్క ఘటమే సుమారు 3.7 వోల్టుల బలం ఇస్తుంది. దీని అభివృద్ధికి పునాది వేసిన గుడినఫ్, విట్టింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

మేలు చేసే వస్తువులోనే కీడు దాగి ఉన్నది. పాత బ్యాటరీని పగులగొట్టి, ఇండ్ల నడుమ సీసం కరిగిస్తే, ఆ పొగ, ధూళి పసిపిల్లల మెదడు ఎదుగుదలనే దెబ్బతీస్తాయి. ఆ నష్టం మళ్ళీ పూడేది కాదు. లిథియం బ్యాటరీని నలిపినా, నిప్పులో వేసినా మంటలు లేస్తాయి. వాడిన బ్యాటరీలను సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను మన దేశంలో 2022 నాటి నిబంధనలు ఉత్పత్తిదారులపై ఉంచినవి. అయితే మన చేతిలోని పాత బ్యాటరీ చెత్తకుప్పకు పోకుండా, కొన్న దుకాణానికో గుర్తింపు గల సేకరణ కేంద్రానికో చేరితేనే ఆ నిబంధనకు సార్థకత. ఆ మొదటి అడుగు వేయవలసినది మనమే.